అమ్మ దాచిన కవరు

రెండు వారాలుగా ఈ కాలమ్ రాలేదు. ‘జాబ్ పోయిందా, పెళ్లి కుదిరిందా’ అని మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ ఒకటే జవాబు. కామెర్లు.

ల్యాబ్ రిపోర్టు భాషలో హెపటైటిస్ ఏ. బిలిరుబిన్ 8.4. మామూలుగా ఒకటికి అటూ ఇటూ ఉండాలి. బెంగళూరు పీజీలో పొద్దున బ్రష్ చేస్తుంటే నా రూమ్మేట్ నా మొహం చూసి నాకంటే ముందు కేక పెట్టింది. కళ్లు చెన్నై టీమ్ జెర్సీ రంగులో ఉన్నాయి. ఈ వైరస్ నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుంది. ఒంట్లోకి దూరాక బయటపడడానికి రెండు నుంచి ఏడు వారాలు తీసుకుంటుంది. ఏ రోజు తిన్న పానీపూరీ కొంప ముంచిందో కనుక్కోవడమంటే నెల కిందటి బగ్‌ను లాగ్స్ లేకుండా వెతకడమే. వెతకడం మానేసి రాత్రి బస్సెక్కి ఇంటికొచ్చేశా.

మా ఆఫీసులో ఏడాదికి 12 సిక్ లీవులు. మూడు రోజులు దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టాలి. పెట్టాను. మా లీడ్ ‘టేక్ కేర్, హెల్త్ ఫస్ట్’ అని హార్ట్ ఎమోజీతో సహా పంపాడు. నలభై నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్. ‘వీలైతే రేపటి కాల్‌లో కెమెరా ఆఫ్ చేసుకుని జస్ట్ విను చాలు.’ మీ లీడ్ కూడా ఇదే కదా? వీళ్లందరినీ ఒకే ఫ్యాక్టరీలో తయారుచేస్తారేమో. నా అదృష్టం ఏమిటంటే మా ఇంట్లో నెట్ వర్షాకాలపు కరెంటు లాంటిది. మిద్దె మీదికెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే రెండు గీతలు వస్తాయి. కామెర్ల మనిషిని మిద్దె ఎక్కనివ్వదు మా జేజి. కాబట్టి కాల్ లేదు, వినడం లేదు.

మాది దిగువ అహోబిలం. ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు వస్తే రోడ్డు నల్లమలకు తగులుతుంది, అక్కడ మేముంటాం. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. నా ఆధార్ కార్డులో మాత్రం ఇంకా కర్నూలే. ప్రహ్లాద వరదుని గుడికి కాస్త దూరంలో మాకొక అంగడి ఉంది. టెంకాయలు, తులసి మాలలు, కర్పూరం, చిన్న ఫొటోలు. అంగడి అమ్మది. నాయన దిగువ నుంచి ఎగువకు ఆటో తోలుతాడు, ఎనిమిది కిలోమీటర్లు, అడవి రోడ్డు. జేజి ఇద్దరి మీదా అజమాయిషీ చేస్తుంది.

నేనొచ్చిన సమయానికి స్వామే ఊళ్లో లేడు. నిజంగానే. కనుమ నాడు పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో కొండ దిగి, నలభై రోజుల పాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి స్వామి వాళ్లింటి అల్లుడు, అల్లుడితో ఆ మాత్రం సరసం ఉంటుంది. ఫాల్గుణంలో తన పెళ్లికి రమ్మని ఊరూరా స్వయంగా పిలవడానికి పోతాడని ఈ వైపు నమ్మకం. వాట్సాప్‌లో కార్డు ఫార్వర్డ్ చేసి ‘ఇదే పర్సనల్ ఇన్విటేషన్‌గా భావించండి’ అనే మనలాంటోళ్లం చూసి నేర్చుకోవాల్సిన పద్ధతి.

మూలవిరాట్టు గుళ్లోనే ఉంటాడు, యాత్రికులు వస్తూనే ఉంటారు. కానీ బ్రహ్మోత్సవాల రద్దీకి ఇంకా టైముంది. అంటే అమ్మకు ఇది కాస్త ఊపిరి తీసుకునే సీజన్ అని నేననుకున్నా.

పండగలకొచ్చి రెండు రోజులుండి పోయేవాళ్లకు ఇల్లు పండగలాగే కనిపిస్తుంది. మామూలు బుధవారం ఇల్లు ఎట్లుంటుందో ఇంజినీరింగ్‌కు పోయినప్పటి నుంచి నేను చూడలేదు. ఇప్పుడు నడింట్లో మంచం, మంచం మీద నేను, లేవనివ్వరు. సీసీ కెమెరా లాగా అన్నీ చూస్తున్నా.

అమ్మ మబ్బున నాలుగున్నరకు లేస్తుంది. కసువు ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసి, రాత్రి బోకులు తోమి, జేజికి ఉడుకునీళ్లు పెట్టి, తులసి మాలలు కట్టడానికి కూర్చుంటుంది. ఆరింటికి అంగడి. ఎనిమిదింటికి ఇంటికొచ్చి వంట, మళ్లీ అంగడి. తమిళనాడు బస్సు వస్తే ‘వాంగమ్మా, తేంగా, తులసి’ అని మొదలుపెడుతుంది. అహోబిలం 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి ఆ వైపు నుంచి భక్తులు ఎక్కువ. అమ్మ చదివింది ఐదో తరగతి, తమిళంలో బేరం మాత్రం గడగడా ఆడుతుంది. మన టెంకాయకు, వాళ్ల తేంగాకు పెద్ద తేడా లేదు, నాకు సగం భాష అట్లనే వచ్చింది అంటుంది.

నా రోగం మాత్రం పూర్తిగా జేజి డిపార్ట్‌మెంట్. నంద్యాలలో డాక్టరు చెప్పింది సింపుల్. “దీనికి ప్రత్యేకంగా మందు లేదు, అదే తగ్గుతుంది. రెస్ట్ తీసుకో, తినగలిగింది తిను, నూనె మరీ ఎక్కువొద్దు. మందు తాగే అలవాటుంటే మానెయ్.” ఇది విని జేజికి పిచ్చి కోపమొచ్చింది. “మందు మానేయమనే డాక్టర్ని నా జన్మలో సూడలేదు. ఇంగ దుడ్లు ఏంటికి తీసుకున్యాడు?” ఆ మందు వేరే మందని నాయన చెప్పబోయాడు. అప్పుడు జేజి నావైపు తిరిగి ఒక చూపు చూసింది. ఆ టాపిక్ అక్కడితో ఆపేశాం.

మూడు రోజులు ఉప్పు లేని మజ్జిగన్నం పెట్టింది. దాంతోపాటు నేలఉసిరి పసరు. తెల్లారి పరగడుపున, ముక్కు మూసుకుని మింగాలి. నేను ఊరుకోకుండా ఫోన్‌లో వెతికాను. హెపటైటిస్ బీ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ గారు ఈ నేలఉసిరి మీద పని చేశారట. మద్రాసు పరిశోధకులతో కలిసి చేసిన ప్రయోగం 1988లో లాన్సెట్‌లో వచ్చింది, ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా అది హెపటైటిస్ బీ సంగతి, నాది ఏ. ఇదంతా జేజికి వివరించాను. ఆమె విన్నదల్లా ‘నోబెల్’, ‘మద్రాసు’. “సూసినావా, తెల్లోనికి గూడా తెలుసు” అని ఇంకో గుక్క పోసింది.

చూడ్డానికొచ్చిన వాళ్లకు మాత్రం ‘జరం’ అని చెప్పాలి. కామెర్లు అనకూడదు. ఇది మా మేనత్త ఆర్డర్. సంబంధాలు చూస్తున్న పిల్లకు కాలేయం అనే అవయవం ఉందని కూడా బయటికి పొక్కకూడదు. నా కళ్లు చూస్తే పక్కింటి మేకకు కూడా తెలిసిపోతుంది, అయినా అందరూ మర్యాదగా ‘జరమా, పాపం’ అని పోతున్నారు. ఆడపిల్ల ఒంట్లో ఏం జరిగినా దానికి ఇంకో పేరు పెట్టడం మా ఇళ్లలో పాత అలవాటు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

రెండో బ్లడ్ టెస్టు రిపోర్టు వచ్చిన రోజు. బిలిరుబిన్ 5.1కి దిగింది. “కవర్లో పెట్టు పాపా, పోతాది” అంది అమ్మ అంగడికి పోతూ. మా ఇంట్లో కవరు అంటే ఒకటే కవరు. నంద్యాల బట్టల అంగడి వాళ్లు ఎప్పుడో ఇచ్చిన పసుపుపచ్చ ప్లాస్టిక్ కవరు, బీరువాలో చీరల కింద ఉంటుంది. రేషన్ కార్డు, ఆటో ఆర్‌సీ, నా టెన్త్ మార్కుల మెమో, జేజి కంటి శుక్లాల ఆపరేషన్ చీటీ, అన్నీ అందులోనే. మీరు క్లౌడ్ అంటారు, మేము కవరు అంటాం.

మంచం మీద పని లేక అన్నీ తీసి ఒక్కొక్కటి చూస్తూ కూర్చున్నా. నాలుగు మడతలు పెట్టిన పాత కాగితం ఒకటి దొరికింది. ఒక నర్సింగ్ హోమ్ డిశ్చార్జ్ కాగితం. పేరు అమ్మది. వయసు 33. ఆపరేషన్ తేదీ 13-2-2006. కింద డాక్టర్ల చేతిరాతలో ఒక లైను. టీఏహెచ్ విత్ బీఎస్ఓ. అంతే. జబ్బు ఏమిటి అనే చోట రెండు అక్షరాలున్నాయి, అవి అర్థం కాలేదు. బయాప్సీ అన్న మాట ఎక్కడా లేదు.

జేజి కునుకు తీస్తున్నప్పుడు మిద్దె ఎక్కాను. ట్యాంకు పక్కన రెండు గీతలు. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచిని పూర్తిగా తీసేయడం. బీఎస్ఓ అంటే దాంతోపాటు రెండు వైపులా అండవాహికలను, అండాశయాలను కూడా తీసేయడం.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. అమ్మ చాప మీద పడుకుని ఉండడం, జేజి నాకు జడ వేయడం, అది మరీ గట్టిగా ఉండి నేను ఏడవడం గుర్తుంది. ‘అమ్మకు కడుపునొప్పి’ అన్నారు. ఆ పేరు ఇన్నేళ్లూ అట్లనే ఉంది.

సాయంత్రం అమ్మ తులసి కట్టుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను. దాచింది కాదు, ఎవరూ అడగనిది. అందుకే వెంటనే చెప్పింది.

“తెల్లబట్ట అయ్యేది పాపా. ముట్టు ఎక్కువయ్యేది, నెలకు పది దినాలు. ఆడికి పోతే స్కానింగ్ తీసి, గర్భసంచి పుండు పడింది, ఇట్లనే పెట్టుకుంటే క్యాన్సర్ అయితాది అన్యారు. పిల్లల ఆపరేషన్ అయిపోయిండె గదా, ఇంగ దాంతో పనేముంది, తీసేస్తే నెలనెలా బాధ గూడా ఉండదు అన్యారు. నా కమ్మలు కుదవ పెట్టి తీపిచ్చుకున్యాం.”

“ఇంకేం తీసినారో చెప్పినారా?”

“గర్భసంచి. ఇంగేముంటాది?”

“అండాశయాలు కూడా తీసినారు మా. రెండూ.”

అమ్మ చేతిలో దారం ఆగింది. ఒక్క క్షణమే. “అవి ఏంటికుంటాయి?” అని అడిగింది. ఇరవై ఏళ్ల కింద తన ఒంట్లోంచి తీసేసినవి ఏంటికుంటాయో ఇప్పుడు అడుగుతోంది. నేను మిద్దె మీద చదివింది చెప్పాను. అవి పిల్లలు పుట్టడానికి మాత్రమే కాదు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ అక్కడి నుంచే ఎక్కువగా వస్తుంది. ఎముకలు గట్టిగా ఉండడానికి అది కావాలి, గుండెకు కూడా దాని అండ ఉంటుంది. మామూలుగా ముట్లు ఆగే వయసులో అది మెల్లగా తగ్గుతుంది. ఆపరేషన్‌లో రెండూ తీసేస్తే ఒక్కరోజులో ఆగిపోతుంది.

“అందుకేనా అప్పుడు ఒళ్లంతా ఆవిర్లు లేస్తాండె” అంది అమ్మ. “చలికాలం గూడా చెమట పట్టేది. మీ నాయన ఫ్యాను ఆపితే కొట్లాడేదాన్ని. నాకేమో దెయ్యం పట్టిందనుకున్యా.”

జేజి లోపలి నుంచి విన్నట్టుంది. “నేను అప్పుడే చెప్పినా. ఈ వయసుకు తీపిచ్చుకుంటే నడుము పోతాది అని. ముసల్దాని మాట ఎవురు ఇంటారు” అంది. నేలఉసిరి విషయంలో జేజికి నేను మార్కులు వేయను గానీ, ఇందులో మాత్రం నూటికి నూరు.

ఇది మా ఇంటి కథ ఒక్కటే అయితే ఈ కాలమ్‌లో రాసేదాన్ని కాదు. అమ్మ వేళ్లు మడిచి లెక్కబెట్టింది. మా వీధిలో ఐదుగురు, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో తనకు తెలిసి ఎనిమిది మంది. అందరూ నలభై లోపే. నేను వెతికితే పెద్ద లెక్క కూడా దొరికింది. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి ఈ ప్రశ్న అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే మనం ఫస్ట్. ఆ తర్వాత తెలంగాణ, 7.7. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. సగానికి పైగా కేసుల్లో చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. చాలామందికి ముందు మందులతో నయం చేసి చూడదగ్గ సమస్యలివి.

గర్భసంచి తీయడమే తప్పని కాదు. నిజంగా అవసరమైనవాళ్లు ఉంటారు, వాళ్లకు అది ప్రాణం నిలబెట్టే ఆపరేషన్. ప్రశ్న ఏమిటంటే పక్క రాష్ట్రాల ఆడవాళ్లకు అంతగా అవసరం పడనిది మన ఆడవాళ్లకే ఎందుకు ఇంత అవసరం పడుతోంది? నాకు అనిపించే జవాబు అమ్మ మాటలోనే ఉంది. ‘ఇంగ దాంతో పనేముంది.’ మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తొందరగా పెళ్లి, తొందరగా ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు దాటీ దాటకముందే ఆపరేషన్. అక్కడి నుంచి గర్భసంచి అనేది పని అయిపోయిన సామాను. పని అయిపోయిన సామానుకు రిపేరు ఎవరు చేయిస్తారు? తీసి పడేస్తారు. దానికి తోడు క్యాన్సర్ అనే ఒక్క మాట. ఆ మాట విన్నాక సంతకం పెట్టని మగాడు ఉండడు.

సంతకం పెట్టింది నాయన. రాత్రి అన్నం దగ్గర ఆ కాగితం చూపిస్తే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు, ఇంగ్లిష్ రాదు. “క్యాన్సర్ అన్యాడు పాపా డాక్టరు. నువ్వు చిన్నపిల్ల. మీ తమ్ముడు ఇంగా చిన్నోడు. నేనేం సేయాల?” అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, అనడానికేం లేదు కూడా. అన్నం సగంలో లేచి ఆటో తుడుస్తూ కూర్చున్నాడు. పొద్దునే తుడిచిన ఆటో.

2013లో ఒక డాక్టరు గారు, నరేంద్ర గుప్తా అని, అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారని సుప్రీంకోర్టులో పిల్ వేశారు. అది బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగినవాటి గురించి. పదేళ్లు నడిచింది. ఈలోపు 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు తెచ్చింది. జిల్లా స్థాయిలో కూడా కమిటీ పెట్టి ఈ ఆపరేషన్లను గమనించాలని అందులో ఉంది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో వాటిని అమల్లోకి తేవాలంది. ఇవన్నీ ఇకమీద జరిగేవాటికి పనికొస్తాయి. 2006లో జరిగినదానికి కాదు. దానికి మిగిలింది మేమే.

ఆ ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు రెస్ట్ తీసుకున్నావని అడిగాను. ఆరు వారాలైనా బరువులు ఎత్తకూడదని ఎక్కడ చదివినా ఉంటుంది. అమ్మ గుర్తు తెచ్చుకుని చెప్పింది. పద్దెనిమిదో రోజు అంగడి తీసింది. ఫాల్గుణం వచ్చింది, బ్రహ్మోత్సవాలు. ఏడాదిలో సగం సంపాదన ఆ పది పన్నెండు రోజుల్లోనే, కమ్మలు విడిపించాలంటే ఆ డబ్బే దారి. జేజి బరువులు ఎత్తింది, నాయన మూటలు దించి పోయేవాడు, మధ్యలో అయిపోయినప్పుడు టెంకాయల మూట అమ్మే జరుపుకునేది. “కుట్లు సలిపేటివి. నడుముకు గుడ్డ బిగిచ్చి కట్టుకునేదాన్ని” అని మామూలుగా, నిన్న వాన పడింది అన్నట్టు చెప్పింది. అమ్మకు హెచ్ఆర్ లేదు. ఈఎస్ఐ కార్డు ఉన్న చిన్న జీతగాడికైనా జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. సొంతంగా బుట్ట పెట్టుకుని అమ్ముకునే మనిషికి అది కూడా లేదు. ఆ రోజు అంగడి తెరిస్తే ఆ రోజు కూలి.

ఇంక అసలు భయం. పోయిన ఏడాది అమ్మ అంగడి మెట్టు దగ్గర జారి, చెయ్యి ఆనించి పడింది. నిలబడిన ఎత్తు నుంచి పడడమే, అంత పెద్ద పడడం కాదు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు, ఎడమ చేత్తో వ్యాపారం. అప్పుడందరం ‘పట్టు తప్పింది’ అనుకున్నాం. ఇప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి చూస్తే వేరేగా కనిపిస్తోంది. నా ఇంటర్ ఫ్రెండ్ ఒకత్తె ఇప్పుడు గైనిక్‌లో పీజీ చేస్తోంది. ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డాక్టరు గొంతుతో మొదలుపెట్టింది. 33 ఏళ్లకు రెండు అండాశయాలూ తీసేస్తే, ఇవ్వకూడని కారణం ఏదైనా ఉంటే తప్ప, ముట్లు సహజంగా ఆగే వయసు దాకా హార్మోన్ మాత్రలు ఇస్తారు. కాల్షియం, విటమిన్ డి చూసుకుంటారు. అమ్మకు ఇవేవీ ఇవ్వలేదు. ఇప్పుడు 52. ఆ మాత్రల సమయం దాదాపు అయిపోయింది. కానీ ఎముకల సంగతి చూడొచ్చు, చూడాలి కూడా. డెక్సా స్కాన్ అని ఉంటుంది, నొప్పి లేదు, ఎక్స్‌రే లాంటిదే, కొద్ది నిమిషాల పని. నడుము, తుంటి దగ్గర ఎముక సాంద్రత కొలిచి టీ-స్కోర్ అని ఒక నంబరు ఇస్తారు. మైనస్ 2.5 కానీ, అంతకన్నా కింద కానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. దానికి మందులున్నాయి. తుంటి విరగకముందు మొదలుపెడితే లాభం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి కవరు ఒకటి ఉండే ఉంటుంది. ఉంటే ఆ కాగితంలో టీఏహెచ్ ఒక్కటే ఉందా, పక్కన బీఎస్ఓ కూడా ఉందా చూడండి. రెండింటికీ చాలా తేడా. కాగితం లేకపోతే, గర్భసంచి తీయించుకున్న కొత్తలో ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు, చెమటలు వచ్చేవా అని అడగండి. అదొక్కటే రుజువు కాదు, కానీ డాక్టరుకు చెప్పదగ్గ విషయం. అడిగేటప్పుడు నాన్న పక్కన లేకుండా చూసుకోండి. మా ఇంట్లో ఆ జాగ్రత్త తీసుకుని ఉంటే ఆటో అంత మెరిసేది కాదు.

డెక్సా అంటే అమ్మ ఒప్పుకోలేదు. మూడు రోజులు నడిచింది బేరం. తమిళ యాత్రికులతో కూడా అంత గట్టిగా బేరమాడదు. మొదట, నాకేం లేదు అంది. తర్వాత, నువ్వు తగ్గి ఆఫీసుకు పో, ఆ తర్వాత చూద్దాం అంది. తర్వాత, బ్రహ్మోత్సవాలు అయిపోనీ. బ్రహ్మోత్సవాలు అయినాక ఎండాకాలం, ఎండాకాలంలోనే నరసింహ జయంతికి తిరిగొచ్చే జనం అని ఒక క్యాలెండర్ ఉంటుంది, నాకు తెలుసు. దాంట్లో ఖాళీ గడి ఉండదు. డబ్బు గురించి కూడా అడిగింది, చాలా మెల్లగా. నేను కడతానంటే ఊరుకుంది.

చివరికి జేజి తీర్పు చెప్పింది. “నేను కూసుంటా అంగట్లో. టెంకాయ కొట్టడం రాదా నాకు? నువ్వు పుట్టకముందు నుంచి కొడుతున్యా.” జేజికి క్యూఆర్ కోడ్ అంటే నమ్మకం లేదు. టింగుమని పెట్టె అరిచినా, ఆడగొంతుతో లెక్క చెప్పినా, నోటు చేతిలో పడందే టెంకాయ ఇవ్వదు. ఆ రోజు అమ్మకం సగం పోవడం ఖాయం. అమ్మ ఆ లెక్క కూడా వేసుకుంది, మొహంలో కనపడింది. అయినా సరే అంది.

నాకు ఇంకా ఆరు సిక్ లీవులున్నాయి. శనివారం రద్దీ ఉంటుంది కాబట్టి వద్దు, మంగళవారం పెట్టుకున్నాం. నాయన ఆళ్లగడ్డ దాకా ఆటోలో దింపుతాడు, అక్కడి నుంచి కర్నూలు బస్సు. ఆ కాగితం నకలు రెండు తీయించి పెట్టాను. అసలుది మళ్లీ నాలుగు మడతలు పెట్టి పసుపు కవర్లో, నా బిలిరుబిన్ రిపోర్టు పక్కన పెట్టేసింది అమ్మ.

స్కాన్ ఎట్ల చేస్తారు, ఎంతసేపు పడుకోబెడతారు, చీర మీదనేనా అని నేను చెప్పబోతుంటే అవేవీ వినలేదు. అడిగింది ఒకటే.

“పొద్దున తినకుండా పోవాల్నా?”

“లేదు మా. తినే పోవచ్చు.”

“అయితే మబ్బున లేసి సంగటి కెలికి పెట్టిపోతా. మీ జేజికి మధ్యాన్నానికి ఉంటాది.”